పడ్డ మనిషి దగ్గర

పెద్ద ఆటుకు 90 రోజులు

చెయ్యిగా ఎన్నికైనవాళ్ళు పుస్తకం రాయాలట. తర్వాత వచ్చే చెయ్యి అది చదివి నేర్చుకోవాలట. నాకు ముందు పనిచేసిన గవరయ్య చిన్నాన్న పుస్తకం నా చేతిలో పెట్టారు. మొదటి పేజీలో "ఈరోజు ఓడాను" అని ఉంది. రెండో పేజీలో "ఈరోజు కూడా" అని ఉంది. అలా నూట పది పేజీలు. దాన్ని చూసి ఏం నేర్చుకోవాలో ఇచ్చినవాళ్ళకే తెలియాలి. అందుకే నేను కాస్త వివరంగా రాస్తాను.

నా పేరు నూకాలు. నలభై ఒక్కేళ్ళు. పీపాలపేటలో వలలు బాగుచేస్తాను. నిన్న ఊరి పెద్దలు పన్నెండు మందిని వరసగా కూర్చోబెట్టి తలా ఒక చిరిగిన వల ముక్క ఇచ్చారు. నేను ముగించి తలెత్తేసరికి అందరూ నన్నే చూస్తున్నారు. మిగతావాళ్ళు ఇంకా సగంలో ఉన్నారు. ఎవరి వేళ్ళు వేగంగా కదులుతాయో చూడటానికే ఆ పరీక్ష అని ముందే చెప్పి ఉంటే నేనూ తాపీగా అల్లేదాన్ని.

పీపాల మీద తేలే మా ఊరికీ, అవతలి ఇసకపట్నానికీ మధ్య ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మిషను ఒక్కటే ఉంది. ఏడాదికోసారి, పెద్ద ఆటు రోజున, సముద్రం వెనక్కి పోయి ఇసకతిప్ప బయటపడుతుంది. ఆరు గంటలు. రెండూళ్ళ నుంచీ ఇరవై నాలుగేసి మంది ఆ తిప్ప మీదకి దిగి చంపుకుంటారు. గెలిచిన ఊరికి ఏడాదంతా మిషను. ఓడిన ఊరికి మనిషికి రోజుకు రెండు గ్లాసులు. మేము వరసగా మూడేళ్ళు ఓడాం. రెండో ఏడు మా అమ్మ పోయింది. తన రెండో గ్లాసు ఎప్పుడూ మా అక్కచెల్లెళ్ళకే పోసేది.

దిగేవాళ్ళని కాయలంటారు. ఒంటి మీద బ్యాటరీతో నడిచే ఇనుప చొక్కా, దాని మీద కెమెరా కన్ను, చెవిలో గొట్టం. చెయ్యి దిగదు. ఊళ్ళోనే గదిలో తెర ముందు ఒంటరిగా కూర్చుని, ఎవరు ఎటు వెళ్ళాలో మీటలు నొక్కి చెబుతుంది. నా చెల్లెలు పోలమ్మ మూడేళ్ళుగా కాయ. మేకు తుపాకులవాళ్ళకి ఈ ఏడు తనే పెద్ద.

అంటే ఈసారి దాన్ని నడిపించేది నేను. చెల్లెల్ని బతికించి తీసుకురావాలి, నీళ్ళూ తీసుకురావాలి. నేను ఇంతవరకూ కీబోర్డు ముట్టుకున్న పాపాన పోలేదు.

84 రోజులు

తిప్ప మీద జరిగేదే ఆటగా తెర మీద ఉంది. అందులో బొమ్మ మనుషులు. సముద్రం మీదున్న ఊళ్ళన్నీ ఆన్‌లైన్లో ఆడుతుంటాయి, ఎవరు ఎక్కడివారో తెలియకుండా మారుపేర్లతో. నా పేరు "ఎండుచేప" అని పెట్టుకున్నాను.

పదకొండు ఆటలు ఆడాను, పదకొండూ ఓడాను. మొదటి ఆటలో ఏరేవాళ్ళని పంపడమే మరిచిపోయాను. ఏరేవాళ్ళు ఎనిమిది మంది, ఆయుధాలు ఉండవు, తిప్ప మీది కుప్పల్లోంచి బ్యాటరీలు ఏరి తేవడమే వాళ్ళ పని. నా బొమ్మలన్నీ బ్యాటరీ అయిపోయి నిలబడ్డచోటే బిగుసుకుపోయాయి. అవతలివాడు నింపాదిగా నడిచొచ్చి ఒక్కొక్కరి మెడలో మేకు దింపుకుంటూ పోయాడు.

గవరయ్య చిన్నాన్న నా పక్కనే కూర్చుని నేర్పుతున్నాడు. ఆయన కుడిచేతికి బొటనవేలు లేదు. పోయినేడు ఓడిన సాయంత్రం చేపల కత్తితో తనే నరుక్కున్నాడు, మళ్ళీ ఎవరూ తనని ఆ కుర్చీలో కూర్చోబెట్టకుండా.

"కొట్టాట సూడకే. అది దాని మానాన అదే అయిపోద్ది. నువ్వు బ్యాటరీలు సూడు" అన్నాడు.

"మనోళ్ళు సస్తంటే సూడొద్దేటి సిన్నాన్నా?"

"సూస్తే బతుకుతారేటి?"

ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. కానీ తర్వాతి ఆటలో కొట్లాట వైపు చూడకుండా బ్యాటరీలు చూసుకున్నాను. ఓడటానికి రెండింతల సమయం పట్టింది.

71 రోజులు

ఇప్పుడు వేళ్ళకి దారి తెలిసింది. ఒకటో మీటకి తుపాకులవాళ్ళు, రెండో మీటకి ఏరేవాళ్ళు, మూడో మీటకి ఒంటరిగా తిరిగొచ్చే వేగువాడు. మన మనిషి కన్ను పడని చోటంతా తెర మీద నలుపే. ఆ నలుపులోకి వేగువాణ్ణి పంపి చూసుకోకుండా అడుగు వేస్తే చావే. ఎవరైనా పడిపోయినా వాళ్ళ గొంతు మాత్రం వినిపిస్తుంది. బొమ్మలకి కూడా గొంతులు పెట్టారు, మూలుగుతాయి, అమ్మా అంటాయి. ఆ గోల భరించలేనివాళ్ళ కోసం కీబోర్డు అంచున ఎర్ర మీట ఉంది. నొక్కితే పడ్డవాళ్ళ గొంతు తెగిపోతుంది.

ఈరోజు మొదటిసారి గెలిచాను. అవతలివాడి తుపాకులవాళ్ళని ఒకవైపు ఆశపెట్టి, ఇంకోవైపు నుంచి వెళ్ళి ఏరేవాళ్ళని ఎనిమిది మందినీ చంపాను. చేతుల్లో బ్యాటరీలు పట్టుకుని పరిగెడుతుంటే వీపుల్లో కొట్టాను. ఆ తర్వాత వాడి సైన్యం దానంతటదే చల్లారింది. నేను కుర్చీలోంచి లేచి గంతులేశాను.

గుమ్మంలో పోలమ్మ నిలబడి ఉంది.

"అప్పా, ఆ మొకమేటి అలగుంది?" అంది.

"గెలిచినానే!"

"అది సూస్తన్నాను. ఆలు ఏరీవోళ్ళు కదేటి, సేతుల్లో తుపాకులైనా నేవు."

"బొమ్మలే పోలీ."

"మరి పెద్ద ఆటునాడో?"

నేను ఇంకో ఆట మొదలుపెట్టాను. దానికి కోపం వచ్చిందని కూడా అనుకోలేదు, గెలిచిన సంబరంలో ఉన్నాను.

58 రోజులు

తెల్లకొంగ అనేవాడు తగిలాడు. వాడో, ఆమో తెలియదు. ఇసకపట్నం చెయ్యి అదేనని గవరయ్య చిన్నాన్న అంటాడు, ఆ ఆడే తీరు తనకి తెలుసట.

నన్ను చీల్చేశాడు. మొదటి బొమ్మని చంపాక నా మీద విరుచుకుపడతాడని చూశాను. పడలేదు. ఎక్కడివాళ్ళు అక్కడే కూర్చున్నారు. అయినా నా వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రాలిపోయారు. పదహారు మందిలో పది మంది పోయేదాకా ఏం జరుగుతోందో నాకు అంతు చిక్కలేదు. ఆట అయ్యాక తెర మీద వాడు ఒక వాక్యం రాశాడు.

"కూర్చోడానికి ఇంకెవరైనా ఉన్నారా?"

57 రోజులు

ఆ వాక్యం నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆట రికార్డు వేసుకుని మెల్లిగా చూశాను.

మొదటి బొమ్మ పడగానే నా వేలు ఇంకో బొమ్మని దాని పక్కకి పంపింది. నేను పంపినట్టు నాకే గుర్తు లేదు. ఆ రెండో బొమ్మ శవం పక్కన నిలబడింది. తెల్లకొంగ మనుషులు తుపాకులు ముందే అక్కడికి గురిపెట్టి కూర్చున్నారు. కొట్టారు. నా వేలు మూడో బొమ్మని పంపింది.

మా ఊళ్ళో శవాన్ని ఒంటరిగా వదలరు. పీపాల సందుల్లోంచి పీతలు ఎక్కి వస్తాయి. పావుగంట ఎవరూ లేకపోతే ముందు కళ్ళు పోతాయి. అందుకే ఎవరు పోయినా, సముద్రానికి ఇచ్చేదాకా ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు. నడక వచ్చినప్పుడే అదీ వస్తుంది.

పాత రికార్డులు తీశాను. బొమ్మలవి కావు, నిజం పెద్ద ఆటువి. పోయినేడు ఒకే చోట ఏడుగురు. అంతకుముందేడు ఒకే చోట తొమ్మిది మంది. కుప్పగా, ఒకరి మీద ఒకరు. చివర్లో వచ్చినవాడికి నిలబడే జాగా లేక ముందువాళ్ళ కాళ్ళ మీద నిలబడ్డాడు.

గవరయ్య చిన్నాన్నని పిలిచి చూపించాను. "మూడేళ్ళూ మనల్ని ఓడించినాది ఇదే" అన్నాను.

ఆయన నన్ను చెంప మీద లాగి కొట్టాడు. "పీతలకి ఒగ్గీమంటావేటే మనోళ్ళని!" అని అరిచాడు. తర్వాత కుర్చీ జరుపుకుని తెర దగ్గరగా కూర్చున్నాడు. మళ్ళీ మొదట్నుంచీ వెయ్యమన్నాడు. ఏడుగురి పేర్లూ ఒక్కొక్కటే, వాళ్ళు పడిన వరసలో చెప్పాడు. నాలుగో పేరు ఆయన కొడుకుది.

40 రోజులు

నా వేలికి బుద్ధి చెప్పడం పోలమ్మ పని. వెదురు బద్ద పట్టుకుని పక్కన కూర్చుంటుంది. నా మనిషి పడ్డప్పుడల్లా నా వేలు అటు పోతుంది, అది బద్దతో కణుపుల మీద కొడుతుంది. చెల్లెలన్న జాలి ఏమీ లేదు. రెండు వేళ్ళు వంకాయల్లా వాచాయి. పదిహేను రోజులకి వేలు ఆగడం నేర్చుకుంది. కానీ బొమ్మ మూలిగితే మళ్ళీ పోతోంది. అందుకని ఎర్ర మీట నొక్కడం అలవాటు చేసుకున్నాను. మనిషి పడగానే ఎర్ర మీట. గొంతు లేకపోతే వేలు కదలదు. ఇది నేను సొంతంగా కనిపెట్టిన ఉపాయం, చాలా గర్వంగా ఉంది.

ఊరివాళ్ళని ఒప్పించడం ఇంకో పెద్ద గొడవ. సభలో ఒకడు నా మీద చేపల బుట్ట విసిరాడు. శవాలు కడిగే అచ్చియమ్మ లేచాకే అందరూ నోళ్ళు మూశారు. ఆమెకి ఎనభై దాటాయి. మా ఊళ్ళో ఆమె చేతుల మీదుగా మనిషి పోని ఇల్లు లేదు.

"ఎంతసేపే?" అని అడిగింది నన్ను.

"ఆరు గంటలు అచ్చియమ్మా. ఆటు తీరిందాకా."

"ఆరు గంటలు కళ్ళు మూసుకుంటాను. తరవాత నానే దిగుతాను, ఒక్కొక్కరి కాడా కూకుంటాను. పీతలు తిన్నది తిననీ, మిగిలినోళ్ళు నీళ్ళు తాగాల."

ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను.

22 రోజులు

కాయలకి నేర్పడం పోలమ్మే మొదలుపెట్టింది. పెద్ద పడవ మీద గడ్డి మనిషిని పడేసి, చుట్టూ పరిగెత్తమంటుంది. దాని వైపు ఒక్క అడుగు వేసినవాణ్ణి తుపాకి మడమతో పొడుస్తుంది. ఇద్దరికి పళ్ళు ఊడాయి. వేగువాడు కొర్లయ్యకి పెదవి చీలింది, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

"నాను పడితే ఎవుడైనా నా కాడికొచ్చాడంటే, ఆడి కాలు నానే ఇరగ్గొట్టీగలను" అని అందరి ముందూ అరిచింది. "అర్థమయ్యిందేటి?"

అందరూ అయ్యిందన్నారు. నేను కూడా అన్నాను.

3 రోజులు

తెల్లకొంగతో ఈ నెలలో తొమ్మిదిసార్లు ఆడాను. తొమ్మిదిసార్లూ కావాలనే శవాల దగ్గరికి బొమ్మల్ని పంపి ఓడాను. మేము మారామని వాడికి తెలియకూడదు. ప్రతిసారీ అదే వాక్యం రాస్తాడు. రాసుకోనీ.

నా ఎత్తు ఇది. మా మనిషి ఎవరైనా పడగానే వాడి తుపాకులవాళ్ళంతా అక్కడే గురిపెట్టి కాపు కాస్తారు. వాళ్ళ వీపులు ఖాళీ. వెనక నుంచి వెళ్ళాలి. కానీ అందరూ అక్కడికి చేరారని గట్టిగా తెలిశాకే. సగం మందే ఉండి, మిగతా సగం నలుపులో దాక్కుంటే మేము అయిపోయినట్టే.

పోలమ్మ సాయంత్రం వచ్చి నా జడ అల్లింది. చిన్నప్పటి నుంచీ ఎప్పుడూ నేనే దానికి అల్లేదాన్ని. ఎందుకే అంటే, నీ జుట్టు కళ్ళ మీద పడితే సచ్చేది మేమే కదప్పా అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

పెద్ద ఆటు

రాయవలసినది రాస్తాను.

మొదటి గంట మావాళ్ళెవరూ పడలేదు, వాళ్ళ పదహారు మందిలో నలుగురు పడ్డారు. ఏరేవాళ్ళు బాగా ఏరారు. రెండో గంటలో, తిప్ప మధ్యలో విరిగిపోయిన ఓడ పక్కన, పోలమ్మ తొడలో మేకు దిగింది. ఇనుప చొక్కా నడుము దాకే. రెండో మేకు చొక్కా మీది కన్నుని పగలగొట్టింది, దాని చుట్టూ తెర నల్లబడింది. "అప్పా" అంది.

ఎర్ర మీట నొక్కాను.

వేలు ఆగింది. బద్ద లేకుండానే ఆగింది. మా వాళ్ళూ ఎవరూ అటు కదల్లేదు. ఒక్కడు రెండడుగులు వేసి, ఇసకలో మోకాళ్ళ మీద పడి, మళ్ళీ వెనక్కి పాకాడు.

ఇక ఎంతమంది అక్కడ కాపు కాశారో తెలియాలి. కొర్లయ్యని చుట్టూ తిప్పి పంపాను. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. ఓడ అంచు మీదకెక్కి లెక్కపెట్టాడు. "పన్నెండు మంది, అందరూ ఇక్కడే" అన్నాడు. అంతలో వాళ్ళలో ఒకడు తిరిగి చూశాడు. కొర్లయ్య దవడలోంచి మేకు దూసుకుపోవడం అతని చొక్కా కన్నులోంచే చూశాను. అతని కోసం కూడా ఎర్ర మీట నొక్కాను.

మిగిలిన పధ్నాలుగు మందినీ వెనక నుంచి పంపాను. పోలమ్మ పడ్డ ఇరవై ఆరో నిమిషంలో మొదటి దెబ్బ వేశాం. వాళ్ళు పడుకుని ఉన్నారు, తలలన్నీ అటువైపు. మెడల మీద కొట్టమన్నాను. కొట్టారు. ఐదుగురు తల తిప్పకుండానే పోయారు. ఒకడు తుపాకి పారేసి చేతులెత్తాడు, నేను ఒకటో మీట మీంచి వేలు తియ్యలేదు. ఏడు నిమిషాల్లో పన్నెండు మంది. ఇసక ఎర్రగా నానింది.

తర్వాత వాళ్ళ ఏరేవాళ్ళ వైపు తిప్పాను. ఆటలో అదే మొదటి పాఠం. ముగ్గురు పోయారు. వాళ్ళలో ఒకామె బ్యాటరీ బుట్టని ఛాతీకి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెర మీద తెల్లకొంగ ఓటమి ఒప్పుకోలు వచ్చింది. కింద ఒక వాక్యం.

"ఎందుకు రాలేదు?"

మర్నాడు మధ్యాహ్నం

నీళ్ళు వచ్చాయి. పిల్లలు గొట్టాల కింద నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. ఊరంతా నా పేరు అరుస్తోంది. నేను పోలమ్మ పక్కన కూర్చున్నాను.

అచ్చియమ్మ అన్నమాట ప్రకారం అందరికన్నా ముందు దిగింది. పీతలు పోలమ్మ ఎడమచేతి దాకానే వచ్చాయట. ఒళ్ళంతా కడిగింది. చివరికి అంది, "నెత్తురు మెల్లిగా పోనాదే నూకాలూ. పెద్ద నరం తెగనేదు. పైట సింపి తనే కట్టుకున్నాది."

"మెల్లిగా అంటే ఎంతసేపు?"

"నాకేటి తెల్సు. నువ్వే ఇన్నావు కదా."

నేను వినలేదు. ఎర్ర మీట నొక్కితే వినేవాళ్ళ చెవులకే గొంతు తెగుతుంది, రికార్డులో ఉంటుంది. గదిలోంచి పెట్టె తెచ్చి, దాని పక్కనే కూర్చుని, మొదట్నుంచీ విన్నాను.

మూడో నిమిషంలో: "అప్పా, పన్నెండు మందీ ఇక్కడే ఉన్నారు. లెక్కెట్టినాను. అందరూ నా మీదే గురెట్టి తొంగున్నారు. ఎనకాల ఎవుడూ నేడు. ఒచ్చీ."

ఆరో నిమిషంలో: "ఇంటన్నావేటి? పన్నెండు. ఎనక నుంచి."

పదకొండో నిమిషంలో నన్ను తిట్టింది. చిన్నప్పుడు తిట్టుకున్న తిట్లే. తర్వాత కాసేపు ఊపిరి మాత్రమే ఉంది.

పదహారో నిమిషంలో: "నీళ్ళు గెలిస్తే ఒక బిందెడు నెత్తి మీద పోసుకుంటాను అప్పా. తాగను. పోసుకుంటాను."

ఇరవయ్యో నిమిషంలో: "కొర్లయ్య ఎందుకొస్తన్నాడు? ఆణ్ణెందుకు పంపినావే? సెప్తన్నాను కదే పన్నెండని. ఎల్లిపోమను, ఓరి కొర్లయ్యా, ఎల్లిపోరా."

అతనికీ వినపడలేదు. నేను గొంతు తెంచితే ఎవరికీ వినపడదు.

ఇరవై ఆరో నిమిషంలో తుపాకుల మోత మొదలైంది. దాని గొంతు బాగా సన్నబడింది. "ఆఁ, అదీ. ఒచ్చినావు" అంది. ముప్ఫయ్యో నిమిషం దాకా ఊపిరి ఉంది.

మూడో నిమిషంలోనే వెళ్ళి ఉంటే పదహారో నిమిషానికి కట్టు కట్టేవాళ్ళం. కొర్లయ్య ఆ ఓడ ఎక్కేవాడే కాదు. నా మూర్ఖత్వం వల్ల ఇద్దరు పోయారు. తెల్లకొంగ చంపలేదు వాళ్ళని, నేను చంపాను. ఊరు నా పేరు అరుస్తూనే ఉంది.

మూడో రోజు

పోలమ్మని సముద్రానికి ఇచ్చేముందు మంచినీళ్ళు ఒక బిందెడు తల మీద నుంచి పోశాను. ఎవరూ వద్దనలేదు. పిల్లలు కూడా చూస్తూ నిలబడ్డారు.

తర్వాత గవరయ్య చిన్నాన్న ఇంటికెళ్ళి చేపల కత్తి అడిగాను. ఆయన నా వంక చూసి, కత్తిని చూరులోంచి తీసి, సంచిలో పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు.

"నాను ఏలు కోసీసుకున్నాను. ఏటయినాది? నువ్వు కూకోవలసొచ్చినాది. నువ్వూ కోసీసుకో, ఇంకోలు కూకుంటారు. ఆలూ ఆ ఎర్ర మీటే నొక్కుతారు" అన్నాడు.

ఆయన లేవలేదు. సుత్తి ఉందా అని అడిగాను. ఇచ్చాడు.

నా తర్వాత వచ్చే చెయ్యీ, ఇది నీకు. పడ్డ మనిషి దగ్గరికి ఎవరినీ పంపకు. కానీ ఆ మనిషి ఏమంటున్నాడో విను. ఏడ్చినా విను, తిట్టినా విను, ఊపిరి ఒక్కటే ఉన్నా విను. వేలు ఆగకపోతే బద్దతో కొట్టించుకో. నువ్వు కూర్చున్న కుర్చీలోంచే ఆ మనిషి దగ్గర కూర్చోవచ్చు, నాకది తట్టలేదు.

వచ్చే ఏడూ నేనే కూర్చుంటాను. కీబోర్డు అంచున ఒక చోట బొక్క ఉంటుంది, పాడైపోయిందనుకోకు. అక్కడున్న ఎర్ర మీటని ఈరోజు సుత్తితో ఊడగొట్టి, పోలమ్మని ఇచ్చినచోటే నీళ్ళలో పారేశాను.